వారాంతపు పైలట్‌కు టర్మ్ పాలసీ: దరఖాస్తు నుంచి ఇంట్లో ఫైలు దాకా

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, శనివారం పొద్దున్నే సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని ఎగిరే మనవాళ్లు నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. పైలట్ అని తెలిస్తే లైఫ్ ఇన్సూరెన్స్ ఇస్తారా? అసలు ఆ సంగతి చెప్పాలా? ఇస్తారు. చెప్పి తీరాలి. అసలు అడగాల్సిన మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: నేను నడిపే విమానం కూలి నేను పోతే ఆ పాలసీ డబ్బు వస్తుందా?

పాలసీ ఉంటుంది, నెలనెలా ప్రీమియం కట్ అవుతూనే ఉంటుంది. ఆ ఒక్క సందర్భానికి మాత్రం అది పనికిరాదు. ఇలాంటి పాలసీలు నేను చాలానే చూశాను. ఈ వ్యాసమంతా ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్న దాని గురించే. సరదాకి ఎగిరేవాళ్ల కోసం రాస్తున్నాను. జీతానికి విమానం నడిపేవాళ్ల లెక్క వేరు. ఇండియాలో తీసుకున్న పాలసీల సంగతి ఎనిమిదో భాగంలో ఉంది.

1. ముందు ఉన్న పాలసీలన్నీ బయటికి తీయండి

కొత్తది కొనే ముందు పాతవాటిలో ఏముందో చూడాలి. ఆఫీసు ఇచ్చిన గ్రూప్ లైఫ్, దాంతోపాటు వచ్చిన యాక్సిడెంటల్ డెత్ కవర్, సొంతంగా కొన్న టర్మ్ (నిర్ణీత ఏళ్లకే కవర్ ఉండే పాలసీ), ఇండియాలో నాన్నగారు కట్టించిన ఎల్‌ఐసీ. అన్నిటి పీడీఎఫ్‌లూ ఒక ఫోల్డర్‌లో వేయండి.

ఒక్కొక్కటీ తెరిచి నాలుగు మాటల కోసం వెతకండి: ఏవియేషన్, ఎయిర్‌క్రాఫ్ట్, పైలట్, క్రూ. రెండు పేజీల బెనిఫిట్స్ సారాంశంలో కాదు, పూర్తి పాలసీ పత్రంలో వెతకాలి. సారాంశంలో ఇవేవీ రాయరు.

యాక్సిడెంటల్ కవర్లలో మామూలుగా కనిపించే షరతు ఇలా ఉంటుంది: షెడ్యూలు ప్రకారం తిరిగే విమానంలో టికెట్టు కొన్న ప్రయాణికుడిగా తప్ప, మరే విమానంలో ప్రయాణిస్తూ చనిపోయినా ఈ పరిహారం రాదు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. ఇది పైలట్ ఒక్కడి గురించే కాదు. ఆదివారం కుడి సీట్లో కూర్చోబెట్టుకుని లంచ్‌కి తీసుకెళ్లిన మీ ఆవిడకూ, వెనక సీట్లో పిల్లలకూ వర్తిస్తుంది. కాబట్టి యాక్సిడెంటల్ కవర్‌ను మన లెక్కలోంచి తీసేయండి, అది లేదనే అనుకోండి.

ఆఫీసు గ్రూప్ లైఫ్‌లో ప్రాథమిక కవర్‌కు చాలాచోట్ల ఏవియేషన్ ప్రశ్నే ఉండదు, మినహాయింపూ ఉండదు. అది మంచిదే. కానీ ఉద్యోగంతోపాటే పోతుంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆ టెన్షన్‌లో ఇన్సూరెన్స్ వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? అందుకే సొంత పాలసీ.

ఇంకొకటి. విమానం అద్దెకు తీసుకునేటప్పుడు కొనే రెంటర్స్ ఇన్సూరెన్స్ విమానానికి జరిగిన నష్టానికీ, ఇతరులకు జరిగిన నష్టానికీ సంబంధించింది. మన ఇంటివాళ్లకు మన ప్రాణానికి బదులు డబ్బిచ్చేది కాదు. ఈ రెండిటినీ కలిపి మాట్లాడేవాళ్లు ఎక్కువే.

2. ఎప్పుడు దరఖాస్తు చేయాలి

ఎగరాలన్న ఆలోచనే లేని రోజుల్లో నిజాయితీగా ఫారం నింపి తీసుకున్న టర్మ్ పాలసీ ఉంటే మీ అదృష్టం. అమెరికాలో అలా జారీ అయిన పాలసీకి ఆ తర్వాత మొదలుపెట్టిన హాబీ వల్ల రేటు పెరగదు. అందులో ఏవియేషన్ మినహాయింపు లేకపోతే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకండి.

"అయితే ఫ్లయింగ్ స్కూల్లో చేరే ముందురోజు పాలసీ తీసేసుకుంటా" అంటారా? ఫారంలో ప్రశ్న గతం దగ్గర ఆగదు. గత రెండేళ్లలోనో అయిదేళ్లలోనో పైలట్‌గా, స్టూడెంట్ పైలట్‌గా ఎగిరారా అని అడిగి, రాబోయే ఏడాది రెండేళ్లలో ఎగిరే ఉద్దేశం ఉందా అని కూడా అడుగుతారు. డిస్కవరీ ఫ్లైట్‌కి (తొలి పరిచయ పాఠానికి) డబ్బు కట్టి, హెడ్‌సెట్ ఆర్డర్ పెట్టి, అక్కడ "లేదు" అని రాస్తే అది అబద్ధమే.

ఇప్పటికే స్టూడెంట్ అయితే రేటు బాగా రాదు. కంపెనీల దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన దశ ఇదే. చిన్న పిల్లలుండి, వేరే కవర్ ఏమీ లేకపోతే మాత్రం ఆగకండి. ఇప్పుడే తీసుకుని, చెక్‌రైడ్ (సర్టిఫికెట్ కోసం పెట్టే చివరి పరీక్ష) అయ్యాక రేటు తగ్గించమని అడగండి. ఆఫీసు కవర్ గట్టిగా ఉంటే ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చి కొన్ని గంటలు పోగయ్యేదాకా ఆగడం నష్టమేమీ కాదు.

3. ఒక పేజీలో మీ ఫ్లయింగ్ చరిత్ర

అండర్‌రైటర్, అంటే మీ రిస్కు లెక్కగట్టి రేటు నిర్ణయించే కంపెనీ మనిషి, మిమ్మల్ని చూడడు. మీ చెక్‌లిస్ట్ క్రమశిక్షణ, గాలి ఎక్కువగా ఉందని మీరు మానుకున్న ఫ్లైట్లు అతనికి తెలియవు. అతనికి కనిపించేవి అంకెలే. ఆ అంకెలను మీరే సరిగ్గా తీసి ఒక పేజీలో పెట్టండి. లాగ్‌బుక్ (ప్రతి ఫ్లైట్ వివరం రాసుకునే పుస్తకం) ముందు పెట్టుకుని కూర్చుంటే గంట పని.

- సర్టిఫికెట్ రకం, వచ్చిన తేదీ: స్టూడెంట్, స్పోర్ట్, రిక్రియేషనల్, ప్రైవేట్
- మొత్తం గంటలు, అందులో పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మీదే అయినప్పుడు) ఎన్ని
- గత 12 నెలల్లో ఎన్ని, అంతకుముందు 12 నెలల్లో ఎన్ని
- వచ్చే 12 నెలల్లో సుమారుగా ఎన్ని అనుకుంటున్నారు
- ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఉందా, లేకపోతే శిక్షణలో ఉన్నారా
- విమానాల రకాలు. ఇంట్లో కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ అయితే విడిగా రాయండి
- మెడికల్ (ఎగరడానికి ఆరోగ్య అర్హత): థర్డ్ క్లాసా, బేసిక్‌మెడ్డా (మామూలు డాక్టర్ పరీక్షతో సరిపోయే సులువైన పద్ధతి), ఎప్పటిదాకా
- చివరి ఫ్లైట్ రివ్యూ (శిక్షకుడితో ఎప్పటికప్పుడు చేసే సమీక్ష) తేదీ
- ప్రమాదాలు, ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) చర్యలు ఉంటే వాటి వివరం
- అమెరికా బయట ఎగిరారా, ఎగురుతారా

గంటల గురించి కొంచెం ఆగి చెప్పాలి. తక్కువ ఎగిరితే తక్కువ రిస్కు కదా అని చాలామంది అనుకుంటారు. కంపెనీలు అలా చూడవు. ఏడాదికి ఎనిమిది గంటలు ఎగిరేవాడికి చేయి తిరగదు, తుప్పు పట్టి ఉంటాడని వాళ్ల భయం. మూడు వందలు దాటినవాడిని చూస్తే ఇది హాబీయేనా అన్న అనుమానం. కంపెనీని బట్టి హద్దులు మారినా, ఏడాదికి పాతిక నుంచి రెండు వందల మధ్య ఎగిరేవాళ్లకు సాధారణంగా మంచి రేట్లు వస్తాయి. మొత్తం వంద గంటలు దాటి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఉంటే బేరానికి ఇంకా బలం.

40 గంటలు ఎఫ్‌ఏఏ కనీస లెక్క. సరిగ్గా అంతలో ప్రైవేట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు నాకు తెలిసి అరుదు. 65 గంటలు పట్టిందని సిగ్గుపడి తగ్గించి రాయకండి. ఇక్కడ ఎక్కువ గంటలు మీకే లాభం.

4. కంపెనీని వెతకడం, లెక్క వేయడం

ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంటు దగ్గరికి కాదు, పలు కంపెనీల పాలసీలు అమ్మే స్వతంత్ర బ్రోకర్ దగ్గరికి వెళ్లండి. మొదట అడగాల్సింది ఒకటే: "పైలట్లకు ఇంతకుముందు పాలసీలు ఇప్పించారా?" నీళ్లు నమిలితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత, అసలు దరఖాస్తు పెట్టకుండా ముందు అనధికారికంగా అడిగి చూడమనండి. మీ పేరు లేకుండా మూడో భాగంలోని పేజీని, ఆరోగ్య వివరాలను నాలుగైదు కంపెనీల అండర్‌రైటర్లకు పంపి, సుమారుగా ఏ రేటు ఇస్తారో కనుక్కోవచ్చు. ఇది మామూలుగా జరిగే పనే.

వచ్చే జవాబులు మూడు రకాలు. ఒకటి, మామూలు రేటే. రెండోది ఫ్లాట్ ఎక్స్‌ట్రా, అంటే కవర్‌లో ప్రతి వెయ్యి డాలర్లకు ఏడాదికి ఇంత అని అదనంగా వేసేది. రెండున్నర నుంచి అయిదు డాలర్ల దాకా తరచూ కనిపిస్తుంది, రిస్కును బట్టి పైకీ పోవచ్చు. మూడోది మినహాయింపు రైడర్, అంటే పాలసీకి అతికించే అదనపు షరతు. రేటు మామూలుదే, పైలట్‌గా ఎగురుతూ చనిపోతే మాత్రం కవర్ ఉండదు.

పది లక్షల డాలర్ల కవర్, 20 ఏళ్లు అనుకుని ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం.

- మొదటి కంపెనీ: ప్రీమియం ఏడాదికి 600, వెయ్యికి 3 డాలర్ల ఫ్లాట్ ఎక్స్‌ట్రా. పది లక్షల్లో వెయ్యిలు వెయ్యి కాబట్టి అదనం 3,000. మొత్తం 3,600. ఇరవై ఏళ్లకు 72,000.
- రెండో కంపెనీ: ప్రీమియం 780, అదనం లేదు. ఇరవై ఏళ్లకు 15,600.
- మూడో కంపెనీ: ప్రీమియం 600, మినహాయింపు రైడర్‌తో. ఇరవై ఏళ్లకు 12,000.

ఆన్‌లైన్ కోట్ సైట్లో మొదటిదీ మూడోదీ 600 అనే కనిపిస్తాయి. రెండోది ఖరీదని పక్కన పెట్టేస్తాం. నిజానికి మనకు కావాల్సింది అదే. కోట్ అడిగినప్పుడల్లా ఫ్లాట్ ఎక్స్‌ట్రాతో కలిపి ఏడాది మొత్తం ఎంతో చెప్పమనండి.

రెండో కంపెనీ లాంటిది దొరకకపోతే? నా ఓటు ఫ్లాట్ ఎక్స్‌ట్రాకే. అవసరమైతే కవర్ పది లక్షల నుంచి ఆరు లక్షలకు తగ్గించుకుని అయినా సరే. ఎగరడం మానేశారు లేదా మానేస్తున్నారు అనుకుంటే తప్ప మినహాయింపు రైడర్‌కు ఒప్పుకోకండి.

5. ఫారం నింపేటప్పుడు

అసలు దరఖాస్తుతోపాటు ఏవియేషన్ ప్రశ్నావళి అని ఒక విడి ఫారం వస్తుంది. మీ పేజీ దగ్గర పెట్టుకుని మీరే నింపండి. ఫోన్లో చెబుతుంటే బ్రోకర్ నింపడం వద్దు.

ఆ ఫారం చివర చాలాసార్లు ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: మామూలు రేటు ఇవ్వలేకపోతే మీరు అదనపు ప్రీమియం కడతారా, మినహాయింపుకు ఒప్పుకుంటారా? పక్కన రెండు గళ్లు. మా ఫ్లయింగ్ క్లబ్బులో ఒకాయన తరఫున ఏజెంటే రెండో గడిలో టిక్కు పెట్టేశాడు, ప్రీమియం తక్కువ కనిపిస్తే పాలసీ త్వరగా అమ్ముడవుతుందని. ఈయన చూడకుండా సంతకం పెట్టాడు. మూడేళ్ల తర్వాత ఇంటి లోను కోసం పాలసీ పత్రం తీస్తే చివరి పేజీలో రైడర్ కనిపించింది. ఆ మూడేళ్లూ వారం వారం ఎగిరాడాయన.

ఎగిరే ఉద్దేశం అడిగిన చోట "వినోదం కోసం" అని మాత్రమే రాయండి, అది నిజమైతే. స్నేహితులతో ఖర్చు పంచుకోవడం, ఆఫీసు పని మీద వేరే ఊరు ఎగిరి వెళ్లడం, ఏరోబాటిక్స్ లాంటివి ఉంటే అవీ రాయాలి.

దాచితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ఎఫ్‌ఏఏ దగ్గర పైలట్ల సమాచారం పబ్లిక్. పేరు కొడితే సర్టిఫికెట్, మెడికల్ క్లాసు కనిపిస్తాయి. ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య ఎమ్‌ఐబీ అనే ఉమ్మడి సమాచార వ్యవస్థ ఉంది, ఒకచోట రాసిన ప్రమాదకర హాబీ ఇంకోచోట కనిపించవచ్చు. మీ ఎమ్‌ఐబీ ఫైలు ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకుని చూసుకోవచ్చు. డ్రైవింగ్ రికార్డు కూడా లాగుతారు. స్పీడింగ్ టికెట్లు నాలుగుండి, పైగా పైలట్ అంటే అండర్‌రైటర్ ముఖం మాడుతుంది.

పాలసీ జారీ అయిన మొదటి రెండేళ్లలో మరణం జరిగితే దరఖాస్తును కంపెనీ తిరగదోడవచ్చు. ముఖ్యమైన విషయం దాచారని తేలితే పాలసీ రద్దు చేసి, కట్టిన ప్రీమియం వాపసు ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ప్రీమియం కట్టక పాలసీ లాప్స్ అయి తిరిగి తెరిపించుకుంటే ఆ రెండేళ్ల లెక్క చాలా పాలసీల్లో మళ్లీ మొదలవుతుంది.

6. రెండు మెడికల్స్, ఒకే జవాబు

మీరు ఎఫ్‌ఏఏ మెడికల్ కోసం మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఆన్‌లైన్ ఫారంలో కొన్ని జవాబులు ఇచ్చారు. గత మూడేళ్లలో ఏ డాక్టర్ల దగ్గరికి వెళ్లారో కూడా అందులో అడుగుతారు. ఇన్సూరెన్స్ ఫారంలోనూ ఇవే అడుగుతారు, ఇంకా వెనక్కి వెళ్లి. ఒకచోట బీపీ మాత్ర ఉండి ఇంకోచోట లేకపోతే రెండువైపులా చిక్కే. పాత మెడ్‌ఎక్స్‌ప్రెస్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

థర్డ్ క్లాస్ మెడికల్ 40 ఏళ్లలోపు చేయించుకుంటే 60 నెలలు, 40 నిండాక 24 నెలలు. బేసిక్‌మెడ్ అయితే డాక్టర్ పరీక్ష 48 నెలలకోసారి, ఆన్‌లైన్ కోర్సు 24 నెలలకోసారి. గడువు దగ్గరపడి ఉంటే ముందు అది పూర్తిచేసి దరఖాస్తు పెట్టండి.

ఇన్సూరెన్స్ కంపెనీ ఇంటికి పంపే నర్సు రక్తం, మూత్రం, బీపీ చూసుకుని వెళ్తుంది. ముందురోజు రాత్రి బిర్యానీ, పొద్దున్నే రెండు ఫిల్టర్ కాఫీలు వద్దు. పరగడుపున, పొద్దుటి అపాయింట్‌మెంట్ పెట్టించుకోండి. మనలో చాలామందికి రేటు పెరిగేది విమానం వల్ల కాదు, షుగర్ వల్ల.

7. పాలసీ చేతికొచ్చిన రోజు

సంతకం పెట్టే ముందు మళ్లీ అవే నాలుగు మాటల కోసం వెతకండి. తర్వాత ఇవి చూడండి.

- చివర అతికించిన రైడర్లు, సవరణ పత్రాలు. మినహాయింపు ఉంటే అక్కడే ఉంటుంది
- దరఖాస్తు కాపీలో మీ జవాబులు మీరు రాసినట్టే ఉన్నాయా
- ఫ్లాట్ ఎక్స్‌ట్రా ఉంటే తాత్కాలికమా, పాలసీ ఉన్నన్నాళ్లూనా
- ఎన్నాళ్లకు, ఎన్ని గంటలకు మళ్లీ పరిశీలిస్తారు. బ్రోకర్ నోటిమాట కాదు, ఈమెయిల్‌లో రాయించుకోండి
- బెనిఫిషియరీ (డబ్బు అందుకునేవాళ్ల) పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా. ఇంటిపేరు ముందూ వెనకా అయితే క్లెయిమ్ రోజున ఏడుపే

నచ్చకపోతే రాష్ట్రాన్ని బట్టి 10 నుంచి 30 రోజుల్లో వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. కొత్త పాలసీ అమల్లోకి వచ్చి, మొదటి ప్రీమియం కట్ అయ్యేదాకా పాతదాన్ని రద్దు చేయకండి.

మైనర్ పిల్లల పేరు నేరుగా పెట్టకండి. వాళ్ల చేతికి కంపెనీ డబ్బివ్వదు, వ్యవహారం కోర్టుకెళ్తుంది. ట్రస్టు గానీ, చట్టప్రకారం కస్టోడియన్ పేరు గానీ కావాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే విమానంలో ఎగిరే ఇళ్లలో రెండో బెనిఫిషియరీ గడి ఖాళీగా ఉండకూడదు.

8. ఇండియాలో ఉన్న పాలసీలు

ఇక్కడ ఎగురుతున్నా అక్కడి టర్మ్ పాలసీ మీద భరోసా పెట్టుకున్నవాళ్లు చాలామంది. అక్కడి ప్రపోజల్ ఫారంలోనూ ప్రమాదకర హాబీల ప్రశ్న ఉంటుంది, విమానం నడపడం అందులోకే వస్తుంది. కొత్తగా తీసుకునేటట్టయితే అక్కడా రాయాలి.

ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఇది విని "నాది ఏడేళ్లయింది, ఇక ఢోకా లేదు" అంటారు. ఆ సెక్షన్ కాపాడేది మీరు ఇచ్చిన జవాబులను తవ్వకుండా. పాలసీలో అచ్చయి ఉన్న మినహాయింపు ఏడేళ్లయినా పదిహేనేళ్లయినా అలాగే ఉంటుంది. అమెరికాలోని రెండేళ్ల నియమానికీ ఇదే వర్తిస్తుంది.

ఎల్‌ఐసీ అయినా ప్రైవేటు అయినా ప్రమాద మరణ రైడర్లలో ఏవియేషన్ షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ప్రాథమిక మొత్తానికి వేరే, రైడర్‌కు వేరే షరతులు. రెండూ విడివిడిగా చదవండి. అనుమానముంటే "నేను ప్రైవేట్ పైలట్‌ని, ఈ పాలసీలో నా ఫ్లయింగ్‌కు కవర్ ఉందా" అని ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబు దాచండి. క్లెయిమ్ దగ్గర పేచీ వస్తే వెళ్లడానికి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) కార్యాలయం ఉంది.

9. జరిగిపోయిన పొరపాట్లు, దిద్దుకునే దారులు

దరఖాస్తులో పైలట్ అని రాయలేదు. అప్పట్లో నిజంగానే కాకపోతే తప్పేమీ లేదు. దాచి ఉంటే మాత్రం, అన్నీ నిజం రాసి కొత్త పాలసీకి దరఖాస్తు పెట్టండి. అది అమల్లోకి వచ్చాక పాతది వదిలేయండి.

పాలసీలో మినహాయింపు రైడర్ ఉంది. తీసేయమని అడగవచ్చు. కంపెనీ మళ్లీ అండర్‌రైటింగ్ చేస్తుంది. కుదరదంటే, దాన్ని అలాగే ఉంచి ఏవియేషన్ కవర్ ఉన్న ఇంకో చిన్న పాలసీ పక్కన తీసుకోండి.

స్టూడెంట్‌గా ఉన్నప్పుడు వేసిన ఫ్లాట్ ఎక్స్‌ట్రా ఇంకా కడుతున్నారు. అన్నిట్లోకీ తరచుగా జరిగేది ఇదే. కంపెనీ తనంతట తాను తీయదు. సర్టిఫికెట్ కాపీ, కొత్త గంటల పేజీ జత చేసి పునఃపరిశీలన అడగండి. ఎగరడం పూర్తిగా మానేసినా అడగవచ్చు, చాలా కంపెనీలు ఒకటి రెండేళ్లు ఆగమంటాయి.

సెస్నా వదిలి సొంతంగా కట్టిన విమానానికి మారారు. ఉన్న పాలసీకి ఢోకా లేదు. కవర్ పెంచుకోవాలంటే మాత్రం కొత్త దరఖాస్తులో ఇది లెక్కకొస్తుంది. పెంచుకునే ఆలోచన ఉంటే విమానం కట్టడం మొదలుపెట్టక ముందే పెంచుకోండి.

10. ఇంట్లో పెట్టాల్సిన ఫైలు

ఫైలు మీకోసం కాదు, మీరు లేనప్పుడు దాన్ని తెరిచేవాళ్ల కోసం. కాబట్టి లాగ్‌బుక్ ఫ్లైట్ బ్యాగులో ఉంటే సరిపోదు. విమానంతోపాటు అదీ పోతుంది. నెలకోసారి పేజీలు ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టండి, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఒకరికి తెలియాలి. మొదటి రెండేళ్లలో క్లెయిమ్ వస్తే కంపెనీ మొదట అడిగే కాగితాల్లో ఇవి ఉంటాయి.

- ప్రతి పాలసీ నంబరు, కంపెనీ ఫోను, కవర్ ఎంత, ఎప్పటిదాకా
- ఏవియేషన్ కవర్ ఉన్నవి ఏవి, లేనివి ఏవి, ఒక్క ముక్కలో
- దరఖాస్తు, ఏవియేషన్ ప్రశ్నావళి కాపీలు
- పైలట్ సర్టిఫికెట్, మెడికల్, ఫ్లైట్ రివ్యూ నమోదు
- ఆఫీసు హెచ్‌ఆర్ ఫోను, గ్రూప్ లైఫ్ వివరం
- ఇండియా పాలసీలకు అక్కడ నమ్మకమైన ఒక మనిషి పేరు

ఏ పాలసీ ఎక్కడుందో దొరకని పరిస్థితి వస్తే, రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం ఎన్‌ఏఐసీ నడిపే ఉచిత పాలసీ లొకేటర్‌లో వెతకవచ్చని ఆ కాగితం కిందే రాసి ఉంచండి. ఫ్లైట్ రివ్యూ ఎలాగూ 24 నెలలకోసారి తప్పదు కదా, ఆ వారంలోనే ఈ ఫైలూ ఒకసారి తెరవండి. గంటలు మార్చండి, బెనిఫిషియరీ పేర్లు చూసుకోండి, ఫ్లాట్ ఎక్స్‌ట్రా ఇంకా కడుతున్నారేమో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి.